జీర్ణోద్ధరణము

మియాపూరునుండి ఎల్.బి. నగరునకు వచ్చు మెట్రో రైలుమార్గమున కడపటి స్టేషనుల పేరులు మన విద్యార్థులకు పద్యపాఠముకంటె బాగుగ కంఠస్థములై యున్నవి: మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగరు. 2018వ సంవత్సరమున ఈ మార్గము తెఱవబడినది మొదలు ప్రతిదినమును వేలకొలది జనులు ఈ పేరులను వినుచు, ఎక్కుచు, దిగుచు నున్నారు. మూసారాంబాగను పేరు వెనుక నొక ఫ్రెంచి సేనాని సమాధి కలదనియు, విక్టోరియా మెమోరియల్ అను పేరు వెనుక 1901లో మరణించిన విక్టోరియా రాణికి స్మారకముగా సరూర్‌నగరున నెలకొన్న అనాథాశ్రమము కలదనియు కొంద ఱెఱుగుదురు. చైతన్యపురి యను పేరు మాత్రము క్రొత్తది. కాని ఆ క్రొత్త పేరుగల చోటనే, ఆ ఫ్రెంచి సేనాని సమాధికంటె సుమారు పదుమూడు వందల యేండ్లు ప్రాచీనమైన దొకటి కలదని యెఱిగినవారు మిక్కిలి అరుదు.

"మన పేటలలో చూడదగిన ప్రాచీనవస్తువు లేమున్నవి? చరిత్ర యంతయు చార్మినారు కడను గోలకొండ కడను ఉన్నది. ఇచట నున్నవి కోచింగు కేంద్రములు, బట్టల దుకాణములు, బస్సు డిపో" అని పెద్దలే పలుకుచుండగా పిల్లల నన నేల? ఈ మాట సత్యము కాదని చూపుటయు, సత్యము కానందువలన మన యందఱిమీదను పడు బాధ్యత యెట్టిదో విచారించుటయు ఈ వ్యాసమున మా యుద్దేశము.

చైతన్యపురిలో మూసీనది యొడ్డున, ఫణిగిరి కాలనీ యందు, కోసగుండ్ల నరసింహస్వామి యాలయము కలదు. ఆ యాలయ సమీపమున నొక బండమీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో నొక శాసనము చెక్కబడియున్నది. అక్షరముల రూపమును బట్టి పండితులు దానిని క్రీ.శ. 4–5 శతాబ్దముల నాటిదిగ నిర్ణయించిరి. అందు గోవిందరాజవిహార మను బౌద్ధవిహారము పేర్కొనబడినది; భిక్షువుల నివాసమునకై ఱాతితో నేర్పఱచిన వసతి ప్రస్తావము కలదు. ఈ గోవిందరాజు విష్ణుకుండిన వంశపు గోవిందవర్మ యని చరిత్రకారుల మతము. పూర్వపు నల్లగొండ జిల్లాలోని తుమ్మలగూడెమున దొరకిన తామ్రశాసనము లొకదానియందు, ఈ గోవిందవర్మయే తన పట్టపుదేవి కట్టించిన విహారమునకు గ్రామదానము చేసినట్లున్నది గనుక, ఈ యూహకు బలము చాలినంత కలదు. చార్మినారు 1591లో కట్టబడినది. అప్పటికే చైతన్యపురి బండమీది యక్షరములు వేయియేండ్ల పైబడినవి.

బౌద్ధభిక్షువులు పోయిరి. వారి విహారము పోయినది. బండ మిగిలినది. ఆ బండ ప్రక్కన నరసింహుడు వెలసి నేటికిని పూజ లందుకొనుచున్నాడు. ఈ రెంటికిని నడుమ గడచిన శతాబ్దములలో ఆ యొడ్డున ఎవరుండిరి, ఏమి కట్టిరి, ఏమి కూల్చిరి? పుస్తకములు చెప్పవు. చెప్పవలసినవి నేలయును, గోడలును, ఱాళ్లును. వానిచేత చెప్పించు విద్య యొకటి కలదు. ఆ విద్య మిక్కిలి యోపికతో అభ్యసింపబడిన చోటులలో ఇంగ్లాండు దేశపు గ్రామములలోని పాత చర్చిలు మొదట లెక్కింపదగినవి. కావున మూసీ యొడ్డునుండి చదువరులను కొంతదవ్వు తీసికొనిపోవుచున్నాము. మరల ఇచటికే వత్తుము.

మెదకు చర్చిని చూచిన వారికి ఇంగ్లాండు చర్చి రూపము క్రొత్త గాదు. 1914లో మొదలిడి, 1924వ సంవత్సరపు క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన ఆ మహామందిరము మధ్యయుగపు ఇంగ్లీషు శిల్పరీతి ననుసరించినది: 175 అడుగుల గోపురము, కొనదేలిన కమానులు, నిడుపైన నడిమి సాల, దానికి నిరుప్రక్కల పంచలు, తూర్పున పవిత్రస్థానము. అయితే మెదకు చర్చి యొక్క సంకల్పమున, పదేండ్లలో, పుట్టినది. ఇంగ్లాండులోని గ్రామపు చర్చి యట్లు గాదు. అది ఐదాఱు వందల యేండ్లలో, తరమునకు కొంత చొప్పున, పెరిగినది. మన యూళ్లలో తాత కట్టిన ఇంటికి తండ్రి వసారా దించి, కొడుకు మిద్దె వేసినట్లే యనుకొనుడు.

డర్హము సీమలో ఎస్కాంబు అను చిన్న యూరున్నది. అచటి చర్చి క్రీ.శ. 7వ శతాబ్దము చివర కట్టినది. దాని ఱాళ్లు పలువురి చేతులు మాఱినవి. సమీపముననే పాడుపడియున్న రోమకుల కోటనుండి తెచ్చి పేర్చినవి. అందొక ఱాతిమీద రోమను సైన్యపు ఆఱవ దళము పేరు చెక్కియున్నది. ఆ ఱాయి గోడలో తలక్రిందుగ నిలిచియున్నది! పేర్చిన పనివానికి ఆ యక్షరములు రావు గాబోలు, లేక వచ్చినను పట్టింపు లేదు గాబోలు. అతని అలక్ష్యమే నేటివారికి లాభమైనది. ఆ ఱాతిని నున్నగ చెక్కి, అందముగ నిలిపి యుండినచో, ఆ గోడ రోమకుల ఎంగిలి ఱాళ్లతో లేచినదని ఇంత చక్కగ చెప్పగలిగెడిది కాదు.

మఱియొకటి యార్కుషైరులోని వారం పెర్సీ. అది సుమారు 1500 నాటికి జనములేక పాడైన పల్లె. అచట 1950 మొదలు 1990 వఱకు నలువదేండ్లు, వేసవి వేసవికి, పండితులును విద్యార్థులును కూడి త్రవ్వకములు జరిపిరి. చర్చి నేలను త్రవ్వగా అడుగున మొదట కఱ్ఱతో కట్టిన చిన్న మందిరపు జాడ కనబడినది. కఱ్ఱ యెన్నడో మన్నైనది గదా, జాడ యెట్లు కనబడు నని విద్యార్థులడుగవచ్చును. స్తంభము పాతిన గుంతలో పడిన మన్ను చుట్టునున్న గట్టినేలతో నెన్నడును కలియదు. రంగు వేఱుగ, మెత్తగ నుండును. స్తంభము పోయినను దాని గుండ్రని నీడ నేలయందు నిలిచి యుండును. ఆ కఱ్ఱమందిరముమీద ఱాతిమందిరము వచ్చెను. పల్లె పెరిగిన కొలది దాని ప్రక్కల గోడలకు కమానులు తెఱచి పంచలు చేర్చిరి. పల్లె తఱిగిన పిమ్మట అవే పంచలను కూల్చి, కమానుల నడుమ ఱాళ్లు పూడ్చిరి. నేడు పైకప్పు లేక నిలిచియున్న ఆ గోడలలో పూడ్చిన కమానుల రేఖలు స్పష్టముగ కనబడుచున్నవి. ఒక పల్లె జనాభా లెక్క గోడమీద వ్రాసినట్లున్నది. చర్చి లోపలను ఆవరణమునందును బయల్పడిన సుమారు 700 మంది అస్థిపంజరములను బట్టి ఆ పల్లెవారి వయస్సు, రోగములు, పనిపాటలు కూడ తెలియవచ్చినవి. రాజులు గాని యుద్ధములు గాని ఆ కథలో లేవు. ఉన్నది పల్లెవారి బ్రదుకు. మా దృష్టిలో అదియే దాని ఘనత.

ఇంగ్లాండువా రెల్లప్పుడు ఇంత జాగరూకులై యుండిరని తలంపరాదు. 19వ శతాబ్దమున వారికి "పునరుద్ధరణ" యను పిచ్చి పట్టినది. ఆ మాట వాడక తప్పదు. చర్చి యొక్కటే కాలమునకు చెందినట్లు అందముగ కనబడవలెనని, నచ్చని కాలపు పనినంతయు తొలగించి, నచ్చిన కాలపు తీరున క్రొత్తగ కట్టించిరి. లోపలి గోడల గచ్చును గీకివైచి ఱాతిని బయల్పఱచిరి. ఆ గచ్చుమీద మధ్యయుగపు చిత్రములుండెను. 16వ శతాబ్దమున మతసంస్కరణ కాలమున వానిని చూడగూడదని సున్నము పూసి మఱుగుపఱచియుండిరి; ఆ సున్నమే మూడువందల యేండ్లు వానిని తల్లివలె కాపాడినది. మఱుగుపఱచినవాడు తెలియకయే రక్షించెను; బాగుచేయ వచ్చినవాడు తెలియకయే నాశనము చేసెను. దీనిని సహింపలేక విలియం మారిస్ అను కవి, శిల్పి 1877లో ప్రాచీనకట్టడముల రక్షణకై యొక సంఘమును స్థాపించెను. జనులు దానికి "గీకుడు వ్యతిరేకుల సంఘ" మని ముద్దుపేరు పెట్టిరి. ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది. వారి సూత్రము సులభమైనది: కారుచున్న చోట కప్పుము, పగిలిన చోట అతుకుము, వంగిన చోట ఊతమిమ్ము, పాతదానివలె నటించు క్రొత్తదానిని మాత్రము కట్టకుము. ఱాతిగోడలో ఱాయి చెడినచోట వారొకప్పుడు పలుచని పెంకులను పేర్చి అతుకు వేయుదురు. అతుకు అతుకువలె కనబడును, ఎవరిని మోసగింపదు.

ఇక మన యొడ్డునకు వత్తము. మన పేటలలోని పాత గుడులకును, మసీదులకును, సమాధులకును, చర్చిలకును నేడు శత్రువు ద్వేషము గాదు, భక్తియు చందాలును. ఎవరో పుణ్యాత్ముడు లక్ష రూపాయల నిచ్చును. వెంటనే ఱాతిస్తంభములకు తళతళలాడు నూనెరంగు, గర్భగుడి గోడకు స్నానపు గదులలో వేయు పలకలు, మంటపమునకు సిమెంటు పూత. చేయువారికి చెడుతలంపు రవ్వంతయు లేదు. దేవుని యిల్లు మన యింటికంటె తక్కువగ నుండరాదను ప్రేమచేతనే చేయుదురు. ఫలితము మాత్రము ఆ 19వ శతాబ్దపు ఇంగ్లాండులో జరిగినట్టిదే.

సిమెంటును గూర్చి కొంచెము వివరముగ చెప్పవలసియున్నది, ఏలయన పాతగోడకు సిమెంటు బలమని తలిదండ్రులలో పలువురు నమ్ముచున్నారు. పూర్వులు గానుగ సున్నముతో కట్టిరి. సున్నపు గోడ చెమ్మను పీల్చును, ఎండవేళ విడిచిపెట్టును. ఒకవిధముగ నూపిరి తీయును. ఎండకు చలికి గోడ కొంచెము సాగి ముడుచుకొన్నను సున్నము మెత్తనిది గనుక దానితో సరిపడును. దానిమీద సిమెంటు పూసినచో చెమ్మ లోపల చిక్కుకొనును. బయటికి త్రోవలేక, ఱాతిలోనికిని ఇటుకలోనికిని ప్రాకి, అందలి ఉప్పును పైకి తెచ్చి, ఱాతి చర్మమును పొరలు పొరలుగ నూడ్చును. పైకి గట్టిగ కనబడు పూత వెనుక గోడ పిండియగుచుండును. నూనెరంగు చేయు పనియు నిదియే. ఇంగ్లాండువారును 20వ శతాబ్దమున వేలకొలది చర్చిగోడలకు సిమెంటు పట్టించి, ఫలితము చూచి, ఇప్పుడు దానిని జాగ్రత్తగ నూడదీసి మరల సున్నము పట్టించుకొనుచున్నారు. వారు డబ్బిచ్చి నేర్చిన పాఠమును మనము ఊరకనే నేర్చుకొనవచ్చును గదా.

"గుడి భక్తులది గాని పురావస్తుశాల గాదు, జనము పెరిగినపుడు మంటపము పెంచవద్దా?" అని యొక ఆక్షేపణ కలదు. ఇది న్యాయమైన ప్రశ్న. మేము పెంచవద్దనుట లేదు. వారం పెర్సీ చర్చి చెప్పిన కథయే పెరుగుట, తఱుగుట. ఆరాధన జరుగు కట్టడము మాఱకయుండిన నది చచ్చినదే. అయితే చేర్చుట వేఱు, చెఱపుట వేఱు. పాతమంటపము ముందు క్రొత్తపందిరి వేయుడు. భక్తులు ఎండకు వానకు తడబడక నిలుతురు, పాతది పాతదిగనే యుండును. పాత ఱాతిని యంత్రముతో అరగదీసి నున్నన చేసినచో, రేపు పశ్చాత్తాపపడినను ఆ పొర మరల రాదు.

ఇది పాశ్చాత్యుల భావమని కొందఱనవచ్చును. మన పెద్దలు పాతదాని జ్ఞాపకమును లక్ష్యపెట్టలేదా? 13వ శతాబ్దమున తిరుమల ఆలయమును పునర్నిర్మించినపుడు, విప్పవలసిన గోడలపైనున్న పాతశాసనములను క్రొత్తగోడలపై మరల చెక్కించిరి. నాటివారికి ఛాయాచిత్రములు లేవు, అచ్చుయంత్రములు లేవు. ఉలి యున్నది, దానితో పాతమాటను నిలిపిరి. జీర్ణోద్ధరణమను మన పదమునందే అర్థమున్నది: జీర్ణమైనదానిని పైకెత్తుట. దానిని త్రోసివేసి వేఱొకటి నిలుపుట ఉద్ధరణ మెట్లగును? మన కాలముననే హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమంటపమును ఱాళ్లకు సంఖ్యలు వేసి విప్పి, ఏండ్లకొలది శ్రమించి, 2024లో మరల నిలిపి జనులకు తెఱచిరి. ఆలస్యమైనదని పలువురు విసుగుకొనిరి, మేమును విసుగుకొన్నవారిలోనివారమే. కాని ఱాతి యక్షరము పోవుటకంటె పని యాలస్యమగుట మేలు.

మూసారాంబాగు కథయు నిచట చెప్పదగును. నిజాం అలీఖాను కొలువున సేనాని యైన ఫ్రెంచివాడు రేమాన్ 1798లో మరణించెను. హిందువులు అతనిని మూసా రాం అనియు ముస్లిములు మూసా రహీం అనియు పిలుచుకొనిరనియు, పేటకు మూసారాంబాగను పేరు అందుండియే వచ్చెననియు చెప్పుదురు. గుట్టమీద కొనదేలిన ఱాతిస్తంభము, దాని ప్రక్క గ్రీకుల దేవళమును బోలిన స్తంభమంటపము అతని సమాధిచోట నుండెను. ఆ మంటపము 2001లో వర్షములకు కూలిపోయెను. పిమ్మట మరల కట్టబడినది. కట్టుట మంచిపనియే. కాని నేడు దానిని చూచు పిల్లవాడు 18వ శతాబ్దపు పనివాని చేతిని చూచుచున్నానని తలంచునేమో! ఇట్టి ప్రతి కట్టడమునకును, ఏది పాతది, ఏది క్రొత్తది, ఎన్నడు కూలినది, ఎన్నడు లేచినది యని తెలుగున, ఉర్దూలో, ఇంగ్లీషులో నాలుగు పంక్తుల పలక యుండవలయునని మా యభిప్రాయము. పలకకు వ్యయము స్వల్పము. అది చెప్పు నిజము మాత్రము పెద్దది.

ప్రభుత్వము చూచుకొనునని మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. దేశపు ముఖ్యమైన ప్రాచీనకట్టడములకు 1958వ సంవత్సరపు చట్టము రక్షణ నిచ్చుచున్నది గాని, ప్రతి వీథిలోని ప్రతి పాతఱాతికిని కావలి నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము గాదు. ఆ పనికి తగినవారు ఆ వీథిలో పెరుగు పిల్లలు. ఇంగ్లాండులోని గ్రామపు చర్చిలకు ధర్మకర్తలు పూర్వమునుండి లెక్కపుస్తకములు వ్రాసియుంచిరి: గంటకు త్రాడు కొన్నది, కప్పునకు సీసపు రేకు వేసినది, గోడలకు సున్నము కొట్టించినది, అన్నియు పైసాతో సహా. నేటి పండితునికి అట్టి పుస్తకము బంగారముతో సమానము. మన ప్రాంతమున ప్రతి గుడి, మసీదు, చర్చి కమిటీవారును అట్టి పుస్తక మొక్కటి పెట్టి, ఏ మార్పు చేసినను తేదీతో వ్రాసి, చేయుటకు ముందొక ఛాయాచిత్రమును, చేసిన పిదప నొకటియు అంటించి యుంచినచో, నూఱేండ్ల తరువాతివారు మనలను దీవింతురు. చందా రసీదు పుస్తకము వ్రాయువారికి ఈ పుస్తకము భారము గానేరదు.

విద్యార్థులు చేయదగిన పని యింకొకటి కలదు. ఈ సంవత్సరము పై తరగతులవారు మూడు జట్లుగ నేర్పడి, చైతన్యపురి బండను, మూసారాంబాగు సమాధిని, హయత్‌నగరులో 17వ శతాబ్దమున హయాత్ బక్షీ బేగము పేర వెలసిన మసీదును దాని చెంతనున్న పెద్దబావిని చూచి, కొలిచి, పటములు గీయవలెనని మేము కోరుచున్నాము. హయాత్ బక్షీ బేగము సుల్తాను ముహమ్మదు కుతుబ్‌షాకు భార్య, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. విజయవాడ బాటలో పోవు బస్సులన్నియు ఆమె పేరుగల యూరిమీదుగనే పోవుచున్నవి. కొలుచుటకు టేపును, గీతల కాగితమును, పెన్సిలును చాలును. స్తంభము చుట్టుకొలత, మెట్టు ఎత్తు, కమాను వెడల్పు వ్రాసికొనుడు. గోడలో ఱాళ్ల వరుస యెచట మాఱినదో, కమానును ఎచట పూడ్చిరో, సున్నము ఎచట ముగిసి సిమెంటు ఎచట మొదలైనదో గుర్తింపుడు. పటము వంకరగ వచ్చినను దిగులు వలదు. అంకెలు సరిగ నుండిన చాలును. ఆ పటములలో మంచివానిని వచ్చు సంవత్సరపు పత్రికలో ప్రకటింతుము.

పోవునపుడు పాటింపవలసినవి కొన్ని. గుడియైనను మసీదైనను మొదట పూజారిగారిని, ఇమాముగారిని, లేదా అచటి పెద్దలను కలసి, వచ్చిన పని చెప్పి, అనుమతి గైకొనుడు. వారు చిన్ననాట తాము చూచినదియు, తమ తాతలు చెప్పినదియు చెప్పుదురు. దానిని వారి మాటలలోనే వ్రాసికొనుడు, సరిదిద్దకుడు. చెప్పులు విడువవలసిన చోట విడువుడు. పూజవేళను, నమాజువేళను కొలతలు పెట్టకుడు. దేనిని పెకలింపకుడు, ఇంటికి తేకుడు. నేలమీద పడియున్న పెంకు ముక్క యైనను అది పడియున్న చోటనే మాటలాడును గాని మీ బల్లసొరుగులో మాటలాడదు.

చైతన్యపురి బండ కడకు మధ్యాహ్నమున పోవుట దండుగ. నడినెత్తి సూర్యుడు అరిగిన అక్షరములను కనబడనీయడు. ఉదయము ఆఱున్నరకు గాని, సాయంకాలము ఐదు దాటిన పిదప గాని పోయినచో, ఏటవాలుగ పడు వెలుగులో ప్రతి గీత యంచునను చిన్ననీడ నిలుచును. నీడలను బట్టి అక్షరములు తేలును. మబ్బు దినమైనచో ఒకరు చేతిదీపమును ప్రక్కనుండి, బండకు దగ్గఱగ పట్టుకొనవలెను. కనబడుట లేదని గీతలలో సుద్ద రుద్దకుడు, నీళ్లు పోసి బ్రష్షుతో తోమకుడు.